విపత్తును తట్టుకునే శక్తి ఎవరిది, దాన్ని కొలిచేదెలా?

1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్ ఆగ్నేయ తీరాన్ని తాకిన పెను తుపాను సుమారు 1,40,000 మందిని బలి తీసుకుంది. ఆ తరువాత కొద్ది వారాలకే ఆరోగ్య పరిశోధకులు తీర గ్రామాలకు వెళ్ళి, ఉప్పెన ముంచుకొచ్చిన వేళ ఏ ఇంటివారు ఎక్కడ ఉన్నారో, ఎవరికి ఏమైందో కుటుంబాల వారీగా అడిగి నమోదు చేశారు. ఇటుకతోనో కాంక్రీటుతోనో కట్టిన భవనంలోకి చేరలేకపోయిన వారిలో దాదాపు 22 శాతం మంది చనిపోయారని, అలాంటి భవనంలో తలదాచుకున్న వారిలో ఒక్కరు కూడా చనిపోలేదని ఆ సర్వేలో తేలింది. మరణాల రేటు పదేళ్ళ లోపు పిల్లల్లోనూ, నలభై దాటిన స్త్రీలలోనూ అందరికంటే ఎక్కువగా ఉంది.

ఈ లెక్కను పైపైన చూస్తే గట్టి భవనాలు కట్టిస్తే చాలుననిపిస్తుంది. భవనాలు అవసరమే, వాటి వల్ల తరువాతి తుపానుల్లో ఎందరో బతికారు కూడా. కానీ ఒకే ఊళ్ళో, ఒకే ఉప్పెనకు ఎదురైన మనుషుల్లో కొందరు భవనం దాకా వెళ్ళగలిగారు, కొందరు వెళ్ళలేకపోయారు. దూరం, వృద్ధాప్యం, చంకలో ఉన్న పసిబిడ్డ, వదిలి వెళ్తే దిక్కులేని పశువులు, ఇంటి పెద్ద వచ్చి చెబితే తప్ప గడప దాటలేని పరిస్థితి, పరాయి మగవారితో కిక్కిరిసిన గదిలో మరుగు కూడా లేకుండా రాత్రి గడపాల్సి వస్తుందన్న సంకోచం, ఇవన్నీ భవనానికీ మనిషికీ మధ్య నిలిచాయి. ఒక సమాజానికి విపత్తును తట్టుకునే శక్తి ఎంత ఉందని అడిగినప్పుడు, భవనాలను లెక్కపెట్టడం తేలిక. ఈ రెండో రకం దూరాలను లెక్కపెట్టడం కష్టం. దుర్బల సమాజాల విషయంలో ప్రాణాలు పోయేది మాత్రం ఎక్కువగా ఈ రెండో చోటే.

అందుకే ఈ శక్తిని నిర్వచించే పనిని, కొలిచే పనిని విడివిడిగా చూడకూడదు. నిర్వచనంలో ఎవరిని వదిలేస్తామో వారు కొలతలోనూ కనిపించరు, కొలతలో కనిపించని వారికి ప్రణాళికలో చోటు దొరకదు.

నిర్వచనం ఎలా మారుతూ వచ్చింది

ఈ భావనకు ఇప్పుడున్న ప్రాచుర్యం చాలావరకు జీవావరణ శాస్త్రం నుంచి వచ్చింది. కెనడాకు చెందిన జీవావరణ శాస్త్రవేత్త సి. ఎస్. హోలింగ్ 1973లో ప్రచురించిన పత్రంలో రెండు లక్షణాలను వేరు చేసి చూపారు. కుదుపు వచ్చాక ఎంత త్వరగా పాత సమతౌల్యానికి తిరిగి వస్తుందన్నది ఒకటి. ఎంత పెద్ద మార్పును తనలో ఇముడ్చుకుని, తన మౌలిక సంబంధాలను పోగొట్టుకోకుండా కొనసాగుతుందన్నది మరొకటి. కెనడా అడవుల్లో కొన్నేళ్ళకొకసారి పురుగులు విజృంభించి చెట్లను పెద్దయెత్తున నాశనం చేస్తుంటాయి. ఏ ఒక్క ఏడాది చూసినా ఆ అడవి నిలకడగా ఉన్నట్టు కనిపించదు, అయినా దశాబ్దాల పాటు అడవిగానే కొనసాగుతుంది. అంటే నిలకడగా కనిపించడం వేరు, తట్టుకుని కొనసాగడం వేరు.

ఇంజనీర్లు దీన్ని మరో వైపు నుంచి పట్టుకున్నారు. మిషెల్ బ్రూనో, ఆయన సహచరులు 2003లో భూకంపాల సందర్భంలో ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉంది. అడ్డంగా కాలాన్ని, నిలువుగా ఒక వ్యవస్థ పనితీరును గీస్తే, భూకంపం వచ్చిన క్షణాన పనితీరు నూరు నుంచి ఒక్కసారిగా పడిపోయి, మరమ్మతులు సాగేకొద్దీ మెల్లగా మళ్ళీ నూరుకు చేరుతుంది. ఆ మధ్యలో ఏర్పడే త్రిభుజం ఎంత చిన్నదైతే తట్టుకునే శక్తి అంత ఎక్కువ. కట్టడం దృఢంగా ఉండటం, ఒకటి చెడితే ఆదుకునే ప్రత్యామ్నాయం ఉండటం, వనరులను సమకూర్చుకునే నేర్పు, వేగం అనే నాలుగు గుణాలు ఆ త్రిభుజాన్ని కుదిస్తాయి. ఆసుపత్రికి, విద్యుత్ సరఫరాకు, నీటి గొట్టాలకు ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది.

మనుషుల విషయానికి వచ్చేసరికి ఆ ‘నూరు’ దగ్గరే చిక్కు వస్తుంది. నదీగర్భంలో గుడిసె వేసుకుని, అప్పుతో బతుకుతున్న కుటుంబం వరద తరువాత అదే గుడిసెకు, అదే అప్పుకు తిరిగి చేరితే గీత నూరుకు చేరినట్టే కనిపిస్తుంది. పూర్వస్థితికి రావడాన్ని గెలుపుగా లెక్కించే నిర్వచనం, ఆ పూర్వస్థితే విపత్తుకు కారణమైన చోట, అన్యాయాన్ని యథాతథంగా కొనసాగించడాన్ని విజయంగా నమోదు చేస్తుంది. నా దృష్టిలో ఈ రంగంలోని గందరగోళానికి మూలం ఇదే.

అంతర్జాతీయ నిర్వచనాలు ఈ లోపాన్ని క్రమంగా గుర్తించాయి. ఐక్యరాజ్యసమితి విపత్తు ముప్పు తగ్గింపు విభాగం 2009లో ఇచ్చిన నిర్వచనం ముప్పును ఎదిరించడం, భరించడం, సర్దుకోవడం, కోలుకోవడం దగ్గర ఆగింది. 2017లో సర్వప్రతినిధి సభ ఆమోదించిన సవరించిన నిర్వచనంలో పరిస్థితులకు తగ్గట్టు మారడం, తన నిర్మాణాన్నే మార్చుకోవడం అనే రెండు సామర్థ్యాలు కూడా చేరాయి. క్షేత్రస్థాయిలో పనిచేసేవారు ఇవాళ దీన్ని మూడు అంచెలుగా చెప్పుకుంటారు. దెబ్బను భరించగలగడం మొదటిది. జీవనోపాధిని, పంటను, ఇంటి నిర్మాణాన్ని ముప్పుకు తగినట్టు మార్చుకోగలగడం రెండోది. భూమి హక్కు, నివాస స్థలం, నిర్ణయాల్లో భాగం వంటి మూల పరిస్థితులనే మార్చగలగడం మూడోది. మొదటిదానికి నిధులు తేలిగ్గా దొరుకుతాయి. మూడోదానికి రాజకీయ నిర్ణయం కావాలి కనుక అది చాలా పథకాల్లో పేరుకే మిగులుతుంది.

ఇక్కడ దుర్బలత్వం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. తట్టుకునే శక్తికి అది అచ్చమైన వ్యతిరేకం కాదు. 1976లో ఫిల్ ఒకీఫ్, కెన్ వెస్ట్‌గేట్, బెన్ విస్నర్ ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసం, విపత్తులను ప్రకృతి ఖాతాలో వేయడం మానాలని, అవి సామాజిక, ఆర్థిక పరిస్థితుల నుంచి పుడుతున్నాయని వాదించింది. అప్పటి నుంచి ఈ రంగం ముప్పును, ముప్పు బారిన పడే స్థితిని వేరు చేసి చూస్తోంది. అయితే ఆ స్థితిలో ఉన్నవారికి ఏ శక్తీ ఉండదనుకోవడం కూడా పొరపాటే. ఎంతో పేదరికంలో ఉన్న సమాజంలో కొన్ని ముప్పుల విషయంలో అసాధారణమైన శక్తి ఉండవచ్చు.

ఇండోనేసియాలోని సిమ్యులూ దీవి దీనికి గట్టి ఉదాహరణ. 2004 డిసెంబరు 26 నాటి భూకంప కేంద్రానికి ఎంతో దగ్గరగా ఉన్న ఈ దీవికి నిమిషాల వ్యవధిలోనే సునామీ చేరింది. ఏ యంత్రమూ హెచ్చరించే వ్యవధి లేదు. అయినా దాదాపు 78,000 మంది జనాభాలో చనిపోయినవారు ఏడుగురని లెక్కలు చెబుతున్నాయి. 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకాన్ని అక్కడివారు ‘స్మోంగ్’ అనే పేరుతో పాటలుగా, కథలుగా పిల్లలకు అందిస్తూ వచ్చారు. నేల గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి తగ్గితే, ఇంకేమీ ఆలోచించకుండా కొండెక్కాలన్నదే అందులోని సారం. ఆదాయం, రోడ్లు, ఆసుపత్రి పడకలు, ఫోన్లు లెక్కించే ఏ సూచీ అయినా 2004కు ముందు ఈ దీవికి చాలా తక్కువ మార్కులు వేసి ఉండేది.

ఎవరికి, దేని నుంచి

2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఫిబ్రవరి 27న చిలీలో 8.8 తీవ్రతతో వచ్చింది. విడుదలైన శక్తి పరంగా రెండోది మొదటిదానికంటే దాదాపు 500 రెట్లు పెద్దది. హైతీలో మృతుల సంఖ్యపై నేటికీ భిన్నమైన అంచనాలున్నాయి, తక్కువగా వేసిన అంచనాలు కూడా పదుల వేలల్లో ఉన్నాయి. చిలీలో చనిపోయినవారు 500 పైచిలుకు. హైతీ భూకంప కేంద్రం రాజధానికి అతి సమీపంలో ఉందన్నది నిజమే కానీ, అంత తేడాకు అదొక్కటే కారణం కాదు. 1960లో 9.5 తీవ్రత గల భూకంపాన్ని చూసిన చిలీ, భవన నిర్మాణ నియమాలను కఠినంగా అమలు చేస్తూ వచ్చింది.

ఈ పోలికను ఇక్కడితో ఆపితే చిలీ తట్టుకునే శక్తి గల దేశమని తీర్పు చెప్పి ముందుకు సాగిపోవచ్చు. కానీ అదే చిలీలో, అదే రోజు, ఇళ్ళు కూలకుండా నిలిచిన తీరప్రాంతంలో సునామీ వల్ల చాలామంది చనిపోయారు, ఎందుకంటే జారీ అయిన సునామీ హెచ్చరికను అధికారులు పొరపాటున ఉపసంహరించుకున్నారు. నేల కంపాన్ని తట్టుకునే శక్తి పుష్కలంగా ఉన్న చోట, సముద్రం నుంచి వచ్చే ముప్పును తట్టుకునే శక్తి ఆ రోజు లోపించింది. కాబట్టి ఏ ముప్పు నుంచి అన్నది చెప్పకుండా ఫలానా ఊరికి శక్తి ఉంది, లేదు అని తేల్చడం అర్థం లేని పని.

‘ఎవరికి’ అన్న ప్రశ్న ఇంకా లోతైనది. 1995 జులైలో అమెరికాలోని షికాగో నగరంలో కొద్ది రోజుల వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. సమాజ శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ ఆ మరణాలను పరిశీలిస్తూ నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ అనే రెండు పక్కపక్క ప్రాంతాలను పోల్చారు. రెండింటి మీదా అదే ఎండ. రెండింటిలోనూ ఒంటరిగా బతికే పేద వృద్ధుల నిష్పత్తి దాదాపు సమానం. కానీ నార్త్ లాండేల్‌లో మరణాల రేటు ప్రతి లక్ష మందికి 40 ఉంటే, సౌత్ లాండేల్‌లో 4 మాత్రమే. మొదటిచోట దుకాణాలు మూతపడి, ఇళ్ళు ఖాళీ అయి, నేరాల భయంతో వృద్ధులు తలుపులు, కిటికీలు బిగించుకుని లోపలే ఉండిపోయారు. రెండోచోట వీధులు జనంతో సందడిగా ఉండేవి, చల్లటి దుకాణంలోకి నడిచి వెళ్ళి కాసేపు కూర్చోవడానికి వృద్ధులు జంకలేదు, కనిపించకపోతే ఆరా తీసే ఇరుగుపొరుగు ఉండేవారు. వయసు, ఆదాయం, ఒంటరి నివాసం అనే మూడు అంకెలతో లెక్కగట్టే సూచీ ఈ రెండు ప్రాంతాలకూ ఇంచుమించు ఒకే స్థానం ఇచ్చేది.

స్థలాన్ని లెక్కిస్తున్నామా, మనుషులను లెక్కిస్తున్నామా అన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే. 2005లో కత్రినా తుపాను వేళ రక్షణ కట్టలు అనేక చోట్ల తెగి, న్యూ ఆర్లియన్స్ నగరంలో 80 శాతం నీట మునిగింది. 2000లో సుమారు 4,85,000 ఉన్న నగర జనాభా 2010 నాటికి సుమారు 3,44,000కు పడిపోయింది. తగ్గినవారిలో అత్యధికులు నల్లజాతివారు, అందులోనూ తిరిగి రావడానికి డబ్బు, సొంత ఇల్లు లేని అద్దె నివాసులు ఎక్కువ. అతి పేదలు ఊరు విడిచి వెళ్ళిపోతే ఆ ఊరి సగటు ఆదాయం, సగటు చదువు కాగితం మీద మెరుగుపడతాయి. నగరం కోలుకుందని ఆ సగటు చెబుతుంది, కోలుకోని మనుషులు మరో నగరంలో ఉంటారు. విపత్తు తరువాత చేసే ఏ అంచనా అయినా ఆ ప్రదేశాన్ని మాత్రమే కాక, అక్కడ విపత్తుకు ముందు బతికిన మనుషులను వెంబడించి వెళ్ళకపోతే, అందరికంటే ఎక్కువ నష్టపోయినవారే లెక్కలోంచి జారిపోతారు.

అంకెలు ఏం చెబుతాయి, ఏం దాస్తాయి

కొలిచే పద్ధతుల్లో ఎక్కువ ప్రచారంలో ఉన్నవి మిశ్రమ సూచీలు. భూగోళ శాస్త్రవేత్త సూసన్ కట్టర్, ఆమె సహచరులు 2003లో అమెరికాలో మన జిల్లాల వంటి కౌంటీలకు రూపొందించిన సామాజిక దుర్బలత్వ సూచీ 42 చలరాశులను తీసుకుని, వాటిని 11 అంశాలుగా కుదించింది. 2010లో అదే బృందం సమాజాల తట్టుకునే శక్తికి ఒక ప్రాథమిక సూచీని కూడా ప్రతిపాదించింది. గృహాలు, ఆదాయం, సంస్థలు, మౌలిక సదుపాయాలు, సామాజిక బంధాలు వంటి వర్గాల కింద అందుబాటులో ఉన్న గణాంకాలను సేకరించి, అన్నిటినీ ఒకే కొలబద్ద మీదకు తెచ్చి, కలిపి ఒక మార్కు ఇవ్వడం ఈ సూచీల పని. ఎక్కడ ముందుగా నిధులు పెట్టాలో ప్రభుత్వాలకు చూపించడానికి ఇవి ఉపయోగపడతాయి. ఆ ఉపయోగాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

కానీ కలపడంలోనే ఒక నిర్ణయం దాగి ఉంటుంది. ఊహించిన రెండు గ్రామాలను తీసుకుందాం. ఇళ్ళు, ఆదాయం, రోడ్లు, హెచ్చరిక వ్యవస్థ అనే నాలుగు అంశాలకు నూటికి మార్కులు వేద్దాం. మొదటి గ్రామానికి 90, 90, 90, 10 వచ్చాయి. రెండో గ్రామానికి నాలుగింటిలోనూ 70 చొప్పున వచ్చాయి. మామూలు సగటు, అంటే అంకమధ్యమం, రెండింటికీ 70. సూచీ ప్రకారం ఇద్దరూ సమానం. కానీ మొదటి గ్రామంలో అర్ధరాత్రి ఉప్పెన వస్తే మంచి ఇల్లు, మంచి రోడ్డు ఉన్నా, వస్తోందని చెప్పేవారే లేరు. హెచ్చరిక లేని లోటును ఆదాయంతో పూడ్చవచ్చని ఆ సగటు మనకు తెలియకుండానే ఒప్పేసుకుంది. అదే మార్కులకు గుణమధ్యమం తీస్తే, అంటే నాలుగింటినీ గుణించి ఆ లబ్ధానికి నాలుగో మూలం తీస్తే, మొదటి గ్రామానికి సుమారు 52, రెండోదానికి 70 వస్తాయి. ఒకదాని లోటును మరొకటి పూర్తిగా కప్పిపుచ్చకూడదన్న ఇలాంటి ఆలోచనతోనే ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీ 2010లో అంకమధ్యమాన్ని వదిలి గుణమధ్యమానికి మారింది. ఏ మధ్యమం వాడారో నివేదిక అనుబంధంలో ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది, ఏ గ్రామానికి డబ్బు వస్తుందో మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వెయిటేజీల సంగతీ అంతే. అన్ని అంశాలకూ సమాన వెయిటేజీ ఇస్తే తటస్థంగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, అదీ ఒక అభిప్రాయమే. పైగా ఈ సూచీలు చాలావరకు ఇతర ప్రాంతాలతో పోల్చి మాత్రమే చెబుతాయి. ఒక జిల్లా జాబితాలో పైకి రావడానికి అది మెరుగుపడటమే కారణం కానక్కర్లేదు, మిగతావి దిగజారినా చాలు.

మరో పెద్ద లోపం నిర్ధారణ. సూచీలో ఎక్కువ మార్కులు వచ్చిన చోట నిజంగానే మరణాలు, నష్టాలు తక్కువగా ఉన్నాయా, కోలుకోవడం త్వరగా జరిగిందా అని వెనక్కి వెళ్ళి సరిచూసిన సందర్భాలు, రూపొందించిన సూచీల సంఖ్యతో పోలిస్తే చాలా తక్కువ. సరిచూసిన చోట్ల ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. ఒక సూచీ ఆస్తి నష్టాన్ని కొంతవరకు పసిగట్టినా మరణాలను పసిగట్టకపోవచ్చు. తట్టుకునే శక్తి ఒక విధంగా దాగి ఉండే గుణం. దెబ్బ తగిలినప్పుడే అది పూర్తిగా బయటపడుతుంది. విపత్తుకు ముందు మనం లెక్కించేది ఆ శక్తికి ఆధారమవుతాయని నమ్ముతున్న వనరులనే తప్ప ఆ శక్తిని కాదు. ఈ మాటను ప్రతి నివేదిక మొదటి పేజీలోనే రాయాలని నేను కోరుకుంటాను.

నష్టాన్ని డబ్బులో కొలవడం వల్ల వచ్చే వక్రత ఇంకా తీవ్రమైనది. భారీ భవంతి పైకప్పు కూలితే వచ్చే నష్టం వంద గుడిసెలు కొట్టుకుపోతే వచ్చే నష్టం కంటే లెక్కలో పెద్దదిగా తేలుతుంది. ఆస్తుల విలువను బట్టి రక్షణను కేటాయిస్తే రక్షణ ధనికుల ఇళ్ళ వైపే ప్రవహిస్తుంది. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 117 దేశాలకు వేసిన అంచనా ఈ తేడాను అంకెల్లో చూపింది. ప్రకృతి వైపరీత్యాల వల్ల ఏటా జరిగే ఆస్తి నష్టం 300 బిలియన్ డాలర్లకు పైబడి ఉంటే, పేదలకు ఒక్కో డాలరు నష్టం ఎంత బరువో లెక్కలోకి తీసుకున్నప్పుడు సంక్షేమ నష్టం 520 బిలియన్ డాలర్ల వినియోగ నష్టానికి సమానమని, ఏటా సుమారు 2.6 కోట్ల మంది పేదరికంలోకి జారుతున్నారని ఆ అంచనా చెప్పింది.

ఇంటి లోపలికి వెళ్ళి చూసే కొలతలు ఇందుకు కొంత మందు. ఆహార సహాయ సంస్థలు విరివిగా వాడే కుదించిన ‘కోపింగ్ స్ట్రాటజీ’ సూచీని, అంటే తిండి కొరతను ఇంటివారు ఎలా నెట్టుకొస్తున్నారో లెక్కించే సూచీని చూడండి. గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు మీ ఇంట్లో ఇష్టం లేని చవక తిండితో సరిపెట్టుకున్నారు, ఎన్ని రోజులు తిండి అప్పు తెచ్చుకున్నారు లేదా ఇతరుల సాయం మీద ఆధారపడ్డారు, ఎన్ని రోజులు వడ్డించే పరిమాణం తగ్గించారు, ఎన్ని రోజులు పిల్లలు తినడానికని పెద్దలు తక్కువ తిన్నారు, ఎన్ని రోజులు పూటలు తగ్గించారు అని అయిదు ప్రశ్నలు. వీటి వెయిటేజీలు వరుసగా 1, 2, 1, 3, 1. ఒక ఇంట్లో ఇవి వరుసగా 5, 2, 4, 3, 3 రోజులు జరిగాయనుకుంటే మొత్తం 5, 4, 4, 9, 3 కలిపి 25 అవుతుంది. ఆస్తుల సర్వేలో ఈ ఇల్లు క్షేమంగానే కనిపించవచ్చు, ఎందుకంటే గోడలు నిలిచే ఉన్నాయి, పాడి పశువు కట్టుకొయ్య దగ్గరే ఉంది. పశువును అమ్మకుండా కాపాడుకున్నది తల్లి కడుపు మాడ్చుకుని అన్న సంగతి ఆ 9 అనే అంకె చెబుతుంది.

ఆ కాపాడుకోవడానికి చెల్లించే ధర కొన్నిసార్లు జీవితాంతం ఉంటుంది. జింబాబ్వేలో 1994-95 కరవును అధ్యయనం చేసిన జాన్ హోడినాట్, బిల్ కిన్సీ ఆ సమయంలో ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య వయసున్న పిల్లలు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఎదుగుదలను కోల్పోయారని కనుగొన్నారు. తరువాతి ఏడాది పంట పండి, గాదె నిండి, కుటుంబం కోలుకున్నట్టు లెక్కకు వచ్చినా, ఆ వయసులో పోయిన ఎదుగుదల తేలిగ్గా తిరిగిరాదు. అందువల్ల కోలుకున్నారా అని అడిగే ప్రతిచోటా ఏమి వదులుకుని కోలుకున్నారు, ఆ వదులుకున్నది ఇంట్లో ఎవరిది అని కూడా అడిగి తీరాలి. పొలం అమ్మడం, బడి మాన్పించడం, ఆడపిల్లకు చిన్న వయసులోనే పెళ్ళి చేయడం, అధిక వడ్డీ అప్పు, ఇవి కోలుకోవడానికి గుర్తులు కావు. నష్టాన్ని రేపటికి, ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లే మనిషి మీదకు నెట్టిన గుర్తులు.

కాలం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. బంగ్లాదేశ్ ఉదాహరణనే మరికొంత దూరం తీసుకువెళ్దాం. 1970 తుపానులో అక్కడ కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. ఆ తరువాత రెడ్ క్రెసెంట్‌తో కలిసి ప్రభుత్వం నిర్మించిన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో నేడు 70,000 మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, వారిలో మహిళలూ పెద్దసంఖ్యలో ఉన్నారు. ఇంటింటికీ వెళ్ళి స్త్రీలతో స్త్రీలే మాట్లాడటం, మెగాఫోన్లు, జెండాలు, ముందే అనుకున్న దారులు, షెల్టర్ల సంఖ్య పెరగడం, ఇవన్నీ కలిసి 2007 నాటి సిద్ర్ తుపానులో మరణాలను సుమారు 3,400కు తగ్గించాయి. ప్రాణరక్షణలో ప్రపంచంలోని గొప్ప విజయాల్లో ఇదొకటని నిస్సందేహంగా చెప్పవచ్చు. కానీ 2009లో వచ్చిన ఐలా తుపానులో మరణాలు వందల్లోనే ఉన్నా, కరకట్టలు తెగి ఉప్పునీరు పొలాల్లోకి చేరింది, ఏడాది దాటినా వేల కుటుంబాలు ఆ కరకట్టల మీదే గుడారాల్లో బతికాయి. మరణాల లెక్క మాత్రమే చూసేవారికి ఐలా చిన్న విపత్తు. నీరు దిగని పొలం వైపు చూస్తూ రెండో వానాకాలం కూడా కట్ట మీదే గడిపినవారికి అది ఇంకా ముగియని విపత్తు.

బంధాల బలం, బంధాల బయట ఉన్నవారు

ఇరుగుపొరుగు సంబంధాలు, పరస్పర నమ్మకం ఎక్కువగా ఉన్న చోట ప్రజలు త్వరగా కోలుకుంటారని ఇప్పుడు విస్తృతంగా అంగీకరిస్తున్నారు. 1995లో జపాన్‌లోని కోబె భూకంపం తరువాత మానో అనే ప్రాంతంలో నివాసులు స్వయంగా వరుసకట్టి నీళ్ళు అందించుకుని మంటలార్పారు, ఎన్నో ఏళ్ళుగా కాలుష్యం మీద కలిసి పోరాడిన అనుభవం వారికి ఉండటమే అందుకు కారణం. ఇలాంటి ఉదాహరణలు చూపించే డేనియల్ ఆల్డ్రిచ్ వంటి పరిశోధకులే మరో వైపును కూడా దాచకుండా చెప్పారు. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో బలమైన మత్స్యకార పంచాయతీలు ఉన్న ఊళ్ళు సహాయాన్ని త్వరగా, క్రమంగా పొందగలిగాయి, కానీ అవే పంచాయతీలు పంపిణీ జాబితాలు రాసినప్పుడు దళితులు, వితంతువులు వంటి వారు తరచూ ఆ జాబితాలకు వెలుపలే మిగిలారు. సమాజంలో ఐకమత్యం ఎంత అని ఒకే మార్కు వేస్తే ఆ ఊరికి మంచి మార్కే వస్తుంది. ఆ ఐకమత్యం ఎవరిని కలుపుకుంది, ఎవరిని బయట నిలబెట్టిందన్నది విడిగా అడిగితేనే తెలుస్తుంది.

ఈ కారణంగానే సమాజాన్ని ఒకే ముద్దగా తీసుకునే అంచనాల మీద నాకు నమ్మకం తక్కువ. అంచనా బృందం ఊరి మధ్యలో సభ పెట్టి, వచ్చినవారిని అడిగి, పటం గీయించి వెళ్ళిపోతే, సభకు రాలేనివారి గొంతు పటంలోకి రాదు. వికలాంగులు, మంచాన పడిన వృద్ధులు, ఊరికి కొత్తగా వచ్చిన వలస కార్మికులు, పత్రాలు లేనివారు, ఇంటి పని వదిలి రాలేని స్త్రీలు, వీరి దగ్గరకు బృందమే విడిగా వెళ్ళాలి. ఎన్నుకునే సూచికల్లో కొన్నింటిని వారే చెప్పాలి. వీల్‌చైర్‌లో తిరిగే మనిషికి షెల్టరు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందన్నదాని కంటే, దాని మెట్ల పక్కన ర్యాంపు ఉందా అన్నదే ముఖ్యమైన సూచిక కావచ్చు. గణాంకాలను జిల్లా సగటుగా కాక స్త్రీ పురుషులు, వయసు, వైకల్యం, ఇంటి హక్కు వారీగా విడగొట్టి ప్రకటించాలి.

ప్రజలు తమ గురించి తామే చెప్పే అంచనాను కూడా కొలతలో కలపాలన్న వాదన గత దశాబ్దంలో బలపడింది. మళ్ళీ వరద వస్తే మీ కుటుంబం ఎంత కాలంలో నిలదొక్కుకోగలదు, ఎవరి సాయం దొరుకుతుంది అని నేరుగా అడిగి, కొద్ది నెలల వ్యవధిలో ఫోన్ ద్వారా మళ్ళీ మళ్ళీ అడగడం ఖర్చు తక్కువైన పద్ధతి. దీనికీ పరిమితులున్నాయి. తరతరాలుగా లేమికి అలవాటుపడినవారు తమ కష్టాన్ని తక్కువ చేసి చెప్పవచ్చు, సహాయం వస్తుందని ఆశించినవారు ఎక్కువ చేసి చెప్పవచ్చు. అందువల్ల ఒకదాన్ని మరొకదానితో సరిచూసుకుంటూ రెండు రకాల కొలతలనూ వాడటమే మేలు. రెండూ పొసగని చోట ఆగి, ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి, ఎందుకు పొసగలేదో అడగడం వల్ల తెలిసే సంగతులు అన్నిటికంటే విలువైనవి.

చివరిగా బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఉంది. విపత్తు ముప్పు తగ్గింపు కోసం 2015 మార్చిలో 187 దేశాలు ఆమోదించిన సెండాయ్ కార్యాచరణ ప్రణాళికలో 2030 నాటికి చేరాల్సిన ఏడు లక్ష్యాలున్నాయి. మరణాలు, బాధితుల సంఖ్య, ఆర్థిక నష్టం, కీలక సదుపాయాల నష్టం తగ్గించడం వంటివాటితో పాటు హెచ్చరిక వ్యవస్థలు ప్రజలకు అందుబాటులోకి తేవడం కూడా అందులో ఉంది. ముప్పు తగ్గించే ప్రధాన బాధ్యత ప్రభుత్వానిదేనని ఆ పత్రం స్పష్టంగా చెబుతుంది. అయినా క్షేత్రస్థాయిలో తట్టుకునే శక్తి పేరుతో జరిగే కార్యక్రమాల్లో చాలావాటిని చూస్తే, పేదలు పొదుపు చేసుకోవాలి, శిక్షణకు రావాలి, ఇంటి అరుగు ఎత్తు పెంచుకోవాలి అన్నట్టుగా బరువంతా వారి మీదే పడుతుంది. ఎగువన కరకట్టకు మరమ్మతులు చేయించాల్సినవారి పని, వరద మైదానంలో కట్టడాలకు అనుమతులిచ్చినవారి పని ఆ అంచనాల్లో సూచికలుగా ఉండవు. ఉండాలి. గ్రామానికి మార్కులు వేసే పట్టికలోనే కరకట్ట చివరిసారి ఎప్పుడు తనిఖీ అయింది, మంజూరైన నిధుల్లో ఎంత ఖర్చయింది, గత విపత్తులో ప్రకటించిన పరిహారం ఎన్ని రోజులకు ఎంతమందికి చేరింది అన్న గడులను కూడా చేర్చాలి, నింపిన ఆ పట్టిక అధికారుల వద్దకు వెళ్ళే ముందు గ్రామస్థుల చేతికి వెళ్ళాలి, తప్పులుంటే దిద్దే హక్కు వారికి ఉండాలి.